జగమొండి

జింక మూత్రసంచిలో చేదాకు పసరు చురచురా దిగుతోంది. జగమొండి అనే క్రిమి గోడను కరుచుకుని చూస్తోంది. చుట్టాలంతా రాలిపోయారు. ఇంకో గుక్క పడితే తనూ పోయేదే!

అంతలో పైనుంచి జింక గొంతు వినబడింది. "మంట తగ్గింది ఎలుగు మామా! ఇక ఆ చేదు నావల్ల కాదు."

"రోగం పోలేదే తల్లీ! మిగిలిందీ తాగు!" అని వైద్యుడు ఎలుగు మొత్తుకున్నాడు.

జింక వింటేనా! పసరు ఆగింది. జగమొండి ఎగిరి గంతేసింది. చూస్తుండగానే సంచి నిండా పిల్లలు, తల్లిని మించిన మొండిఘటాలు!

మంట మళ్లీ లేచింది. జింక లబోదిబోమంటూ దాచిన పసరంతా గటగటా తాగేసింది.

"అమ్మా, ఏదో చేదుగా దిగుతోంది!" అని పిల్లలు కేకలేశారు.

"భయమెందుకర్రా? రండి, దాంతోనే తలంట్లు పోస్తాను!" అంది జగమొండి.