కొట్టివేత లేని రిజిస్టరు

బర్మాలో, పజుండౌంగ్ పేటలోని మా తెలుగు చర్చిలో బాప్తిస్మాల రిజిస్టరు నలభై ఏళ్లుగా నేనే రాస్తున్నాను. అందులో ఒక్క కొట్టివేత లేదు.

సైన్యంలో చేర్చడానికి పద్దెనిమిదేళ్లు నిండిన మగపిల్లల జాబితా వార్డు ఆఫీసులో కడుతున్నారని నిన్న తెలిసింది. మనవడు జోనాథన్‌కు పోయిన వారమే నిండాయి. ఇంటి కాగితాలు నిరుడే కాలిపోయాయి. వాడి వయసుకు మిగిలిన రుజువు ఈ రిజిస్టరులో రాసిన పుట్టిన తేదీయే.

ఈ ఉదయం బ్లేడుతో వాడి పేజీ కోసి పొయ్యిలో వేశాను.

“ఏటమ్మమ్మా, రిజిస్టరు కోసేసినావేటి?” అంది మనవరాలు ఎస్తేరు రాణి.

“అరవకు. నీ తమ్ముడు పుట్టిన తేదీ ఇక ఎక్కడా లేదు.”

అది తన ఫోను తీసి నా ముందు పెట్టింది.

“సెదలు తినేస్తాయని పేజీలన్నీ నాసేత ఫోనులో ఎక్కించినావు కదా. పోయిన నెల వార్డు ఆఫీసోల్లు అడిగితే అందరి పేర్లూ తేదీలూ బర్మా బాసలో రాసి ఇచ్చేసినాను. ఒక్క తేదీ తప్పినా నువ్వూరుకోవని, రెండుసార్లు సరిసూసి మరీ ఇచ్చినాను.”