మెషీన్ అవతలివాడు

ఒసాకాలో మా గేమ్ సెంటర్‌కి ‘కత్తులాట’ వీడియోగేమ్ ఆరో భాగం వచ్చిన రోజే వరసగా ఐదాటలు ఓడిపోయాను.

మెషీన్లు వీపుకు వీపు ఆనించి ఉంటాయి కాబట్టి ఆడేవాళ్లు ఒకరికొకరు కనబడరు. లేచి వెళ్లి అవతలివాడి మొహం చూడటం ఇక్కడ మర్యాద కాదు.

నా మంట ఓటమికి కాదు. తెరమీద నా ఈటెవాణ్ణి పడగొట్టిన ప్రతిసారీ అవతలి కొడవలివాడు వెంటనే నరకకుండా అరక్షణం ఆగుతున్నాడు, ‘పాపం, లెయ్యి’ అన్నట్టు.

"ఎవడ్రా నువ్వు? నాకు ముష్టి వేస్తున్నావా?" అని అరిచాను.

"ఏడవక ఆడరా, నెజూ!"

ఆ గొంతు కజిమొతోది. మూడో భాగం నుంచీ నాకు బద్ధశత్రువు. రెండేళ్లుగా కనబడలేదు. మర్యాద మంట్లో పెట్టి అటు వెళ్లాను.

అతని చొక్కా కుడిచెయ్యి ఖాళీగా వేలాడుతోంది. స్టిక్కూ బటన్లూ రెండూ ఎడంచేత్తోనే ఆడిస్తున్నాడు. ఆ అరక్షణం, చెయ్యి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మారడానికి.

"చూశావుగా. ఇప్పుడు జాలిపడి ఓడావో, చంపేస్తాను."

వెనక్కొచ్చి నాణెం వేశాను. ఈసారి సరిగ్గా అతను ఆగిన అరక్షణంలోనే ఈటె దింపాను.

"దొంగ వెధవా!" అన్న కేకతో పాటే అవతల మరో నాణెం పడింది.