పోటీ కంపెనీ ఓడిన రోజు

మార్కెటింగ్ మేనేజర్ కేకు కోస్తుంటే, కేన్సర్ ఓడిపోయిందేమో అనుకుంది మందుల కంపెనీ కెమిస్టు. ఓడింది కేన్సర్ కాదు, పోటీ కంపెనీ.

“వాళ్ల పెప్టైడ్ ఇంజెక్షన్‌కి కణితులు కరగడం లేదట! ఇక మార్కెట్టంతా మనదే, చెప్పిందే ధర! తినవేంటమ్మా?”

“పేటెంటుకి దొరక్కుండా వాళ్ల మందులోనే ఒక్క అమైనో ఆమ్లం మార్చి మనదనమన్నది మీరేగా సార్? వాళ్లది పనిచేయకపోతే మనదెలా పనిచేస్తుంది?”

మేనేజర్ కేకు పక్కన పెట్టి ఫోను తీశాడు.

“మన ఇంజెక్షన్నే నమ్ముకుని పరీక్షల్లో చేరిన రెండొందల మందికి ఇవాళే చెప్పాలి సార్. వేరే వైద్యమైనా చేయించుకుంటారు.”

“చెబుదువుగానిలే తల్లీ! ముందు నన్ను నా షేర్లు అమ్ముకోనీ.”