ఆ ఊరి పేరు

గల్ఫ్ దేశపు ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ సూదులు తీస్తూ సిస్టర్ నవీన మెల్లగా చెప్పింది. "నర్సయ్య గారూ, బయటి దేశం వాళ్లకు ఇక్కడ ప్రాణం మీదికొచ్చినప్పుడే చేస్తారండి. ఇక మీరు ఇండియాలోనే చేయించుకోవాలి."

"అంటే ఈ దుక్మ్ పట్నం‌ల నా డ్యూటీ పోయినట్టేనా సిస్టర్?"

ఆమె సూది తీసిన చోట దూది పెట్టి, పట్టీ వేసి వెళ్లిపోయింది.

పక్క మంచం మీద సూడాన్ మేస్త్రీ ఆదం ఉన్నాడు. "మీ దగ్గర ఈ మిషన్ ఉందా?" అని అరబ్బీలో అడిగాడు.

"జగిత్యాల సర్కారు దవాఖానల ఉంది. వారానికి మూడుసార్లు బస్సుల పోవాలె. అదొక బతుకా?" తనకొచ్చిన అరబ్బీలో విసుక్కున్నాడు నర్సయ్య.

"నన్నూ పంపించేస్తున్నారు. మా ఊరి ఆసుపత్రి యుద్ధంలో కూలిపోయింది. చుట్టుపక్కల ఎక్కడా మిషన్ లేదు."

ఇంతసేపూ నర్సయ్య, దేవుడు తన ఒక్కడికే అన్యాయం చేశాడనుకున్నాడు.

ఆదం మోచేతి మీద లేచాడు. "భాయ్, నేను మీ ఊరొస్తే అక్కడ చేస్తారా? బయటివాడినని పంపించెయ్యరు కదా?"

నర్సయ్యకు సిస్టర్ చెప్పిన మాటే గుర్తొచ్చింది.

"పంపరు, రా," అన్నాడు అతని ముఖంలోకి చూడలేక.

"అయితే ఆ ఊరి పేరు మళ్లీ చెప్పు," అన్నాడు ఆదం.