సుడిగాలి లేచే జాగా

"ఈడ తవ్వొద్దు సామీ! నీ కాళ్లు మొక్కుతా!"

భీమక్క పరుగున వచ్చి గడ్డపారకు అడ్డం పడింది. గుంత తవ్వబోతున్న ఊరి కూలీ బసవన్న గభాలున వెనక్కి తగ్గాడు. ఇంకాస్తయితే ఆమె వీపులో దిగేదే!

పూనా నుంచి వచ్చిన ఆఫీసరు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. నేలకు ఆనుకుని వీచే గాలి ఎట్లా చెదురుతుందో, ఎట్లా సుడి తిరుగుతుందో కనిపెట్టడం ఆయన పని. అందుకోసం, గాలికి గిరగిరా తిరిగే గిన్నెలు బిగించిన పొడుగాటి స్తంభం ఒకటి ఆలూరు దాకా బండిలో తెచ్చాడు. దాన్ని నాటాలనుకున్నది భీమక్క చేని పక్కన సర్కారు బంజరులో. కాదనే హక్కు ఆమెకు లేదు.

"ఇది నీ చేను కాదు కదమ్మా?"

"నా చేను నడిమధ్యలో నాటుకో సామీ. సేద్యానికి అడ్డమైనా నోరెత్తను. ఈడ మాత్రం వద్దు."

బసవన్న నవ్వాడు. "నల్లరేగడి చేను ఊరికే ఇస్తానంటాండావే! ఎండకు మతి పోయిందా ఏమక్కా?"

"పోనీలే, కాస్త అటు జరుపుదాం," అన్నాడు ఆఫీసరు విసుగ్గా.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ భీమక్కకు నమ్మకం కుదరలేదు. కాస్త అంటే ఎంత? రేపు మళ్లీ ఇటు జరిపితే? అసలు ఈ ఛాయలకే రాకుండా చేయాలనుకుంది.

"ఈడ దయ్యముండాది సామీ," అంది గొంతు తగ్గించి. "దినామూ మిట్టమధ్యాన్నం సుడిగాలై లేస్తాది. ఈ జాగాలోనే!"

బసవన్న గడ్డపార పారేశాడు. తూ తూ అని ఉమ్మి, దయ్యం మీదికి విసరడానికి కాలిచెప్పు చేతికి తీసుకుని దూరంగా పోయి నిలబడ్డాడు. అమ్మయ్య అనుకుంది భీమక్క.

ఆఫీసరు ముఖం మాత్రం వెలిగిపోయింది.

"రోజూనా? సరిగ్గా ఇక్కడేనా?"

"ఊఁ... శానా చెడ్డది సామీ."

"నేనింత దూరం వచ్చిందే దానికోసం తల్లీ! సుడిగాలి ఎక్కడ పుడుతుందో తెలియకే ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నా!"

భీమక్క గాబరాగా రెండు చేతులూ అడ్డం ఊపింది. "లేదు సామీ! అబద్ధం చెప్పినా! సుడిగాలీ లేదు, దయ్యమూ లేదు!"

"భయపడి అట్లా అంటున్నావులే." ఆయన చొక్కా చేతులు మడిచి తనే గడ్డపార అందుకున్నాడు. "నేల కాగితే గాలి పైకి లేస్తుందమ్మా, అంతే. భూమిలో దయ్యాలుండవు."

ఆమె ఆయన కాళ్లు చుట్టేసింది. ఆయన మెల్లగా విడిపించుకుని తవ్వసాగాడు. మట్టి గుల్లగా ఉండడంతో గడ్డపార సులువుగా దిగింది. మోకాలి లోతు పోయాక మొనకు ఏదో చిక్కుకుని పైకి వచ్చింది. నల్లబడిన వెండి మొలతాడు.

బసవన్న చెప్పు చేతపట్టుకునే దగ్గరికి వచ్చాడు. మొలతాడును చూశాడు. భీమక్కను చూశాడు.

"ఇది మీ ఇంటాయన గోపన్నది గదక్కా! ఆయప్ప దుడ్లు సంపాదించేకి బళ్లారికి పోయినాడంటివే?"