రెండో పెట్టె

“అమ్మకానికి” అన్న గడి మీదికి బాణం గుర్తు చేరింది. పక్కన నిలబడ్డ మనిషి గబుక్కున మౌస్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“అది కాదక్కా. ‘రోగి సొంత వాడకానికి’ అన్నది దాని కింద ఉంటుంది.”

ఏజెంటమ్మకి ఒళ్ళు మండింది. దిగుమతి సరుకులకు కంప్యూటర్లో కస్టమ్స్ డిక్లరేషన్లు వేసీ వేసీ ఆమె జుట్టు నెరిసింది. బాణం ఆ గడి మీదుగా పోతోంది, అంతే. ఆ మాత్రం దానికి ఈ మనిషి గుండెలు బాదుకునేలా ఉన్నాడు.

“తాతకి దగ్గులు నేర్పకు తమ్ముడూ.”

అతను చెయ్యి తీశాడు. కళ్ళు మాత్రం తెర మీంచి తీయలేదు. పొద్దున ఆమె ఆఫీసు తలుపు తీసేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

విమానంలో వచ్చిన మందు అది. చిన్న పెట్టె, లోపల ఐసు. ఐసు కరిగిందంటే మందు కాస్తా ఉత్త నీళ్ళే. సాయంత్రంలోగా ఆసుపత్రిలో ఉన్న పాపకి ఎక్కించాలి.

“ఇదివరకు ఈ పని చేశావా?” అంది ఆమె.

“ఒక్కసారి. ఏజెంటెందుకులే అని ఇంట్లో కూర్చుని నేనే వేశాను. పైనున్న గడి నొక్కేశాను. వ్యాపారం సరుకనుకుని శాంపిలు పరీక్షకి పంపారు. పెట్టె చేతికొచ్చేసరికి లోపల ఐసు లేదు.”

నోరు కాలినవాడు మజ్జిగైనా ఊదుకునే తాగుతాడు. అందులోనూ కన్నతండ్రి. విసుక్కున్నందుకు ఏజెంటమ్మకి సిగ్గేసింది.

ఆ తర్వాత ఆమె కుదురుగా కూర్చోలేదు. డాక్టరు చీటీ తనే స్కాన్ చేసి ఎక్కించింది. సిస్టమ్ మొరాయిస్తే నాలుగు తిట్టింది. తెప్పించుకున్న టీ చల్లారిపోయింది. చివరికి అధికారి గదిలోకి తనే వెళ్ళింది.

“ఆలస్యం అమృతం విషం అంటారు కదా సార్. ఈ పెట్టె విషయంలో అది ఉత్త సామెత కాదు.”

ఆయన చీటీ చదివి, మారు మాట్లాడకుండా అనుమతి ఇచ్చాడు.

గోడౌన్ గేటు దగ్గర పెట్టె అందుకోగానే అతను మూత కొద్దిగా ఎత్తి లోపల చెయ్యి పెట్టి చూశాడు. ఐసు గడ్డకట్టే ఉంది. చెయ్యి తీయకుండా అలాగే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

“వచ్చేసింది కదయ్యా, ఇంకా ఏడుపెందుకు? ఎక్కు” అంటూ ఏజెంటమ్మ తన స్కూటర్ తీసింది. ఇంత చేశాక ఆ పాపని ఒకసారి చూడాలని ఆమెకీ ఉంది.

దారంతా అతను పెట్టెని ఒళ్ళో పొదువుకుని కూర్చున్నాడు.

“మీ పాప గట్టిపిండమే. రెండో పెట్టె దాకా ఓర్చుకుంది” అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

అతను పలకలేదు. గాలి హోరులో వినపడలేదేమో అనుకుంది.

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం మీద ఐదారేళ్ళ పిల్ల పడుకుని ఉంది. నర్సు పెట్టె అందుకుని, మందు సీసా తగిలించి, సూది పెట్టింది. పిల్ల ఒక్కసారి మూలిగి మళ్ళీ కళ్ళు మూసుకుంది. మంచం పక్క కూర్చున్న ఆవిడ లేచి వచ్చి అతని చేతులు రెండూ పట్టుకుంది.

“మీ మేలు ఈ జన్మకి మరచిపోను అన్నయ్యా. మీరు చెప్పకపోతే ఆ గడుల సంగతి మాకేం తెలుస్తుంది?”

ఏజెంటమ్మ తికమకపడింది. మొగుణ్ణి పట్టుకుని ఎవరైనా అన్నయ్యా అంటారా? వార్డంతా ఒకసారి కలయజూసింది.

“మరి మీ పాపది ఏ మంచం తమ్ముడూ?”

అతను వంగి, నిద్రపోతున్న పిల్ల కాళ్ళ దగ్గర దుప్పటి సరిచేశాడు.

“ఇదే అక్కా, మొదటి పెట్టె కోసం మా పాప చివరిదాకా ఎదురుచూసింది ఈ మంచం మీదే.”