లోపలి గడియ

"తలుపు తియ్యవే!"

బాల్కనీలో నిలబడి తలుపు బాదుతున్నాను. "పాలు ఒలకబోశావుగా, వచ్చి నీ పని చెప్తానుండు" అని బెదిరించి, ఆరని బట్టలు తిరగేద్దామని ఇలా వచ్చానో లేదో, నాలుగేళ్ల నా కూతురు లోపల గడియ పెట్టేసింది.

కిటికీ అద్దంలోంచి అంతా కనిపిస్తోంది. స్నానానికని బకెట్లో పెట్టిన కరెంటు హీటరు ఆవిర్లు కక్కుతోంది. చంటాడు దానివైపే పాకుతున్నాడు.

"తమ్ముణ్ణి చూడవే! తీస్తావా, వీపు చీరెయ్యమంటావా?"

"తియ్యను. కొడతావు."

"కొట్టనమ్మా, ఒట్టు."

"నిన్న కూడా ఒట్టేసి కొట్టావు."

చలికి పళ్లు టకటకమంటున్నాయి. చంటాడు బకెట్టు అంచుకి చెయ్యి చాపాడు.

"బంగారూ..." తలుపు బాదడం ఆపేశాను. "అమ్మకి చలేస్తోందే."

అది నా వంక చూసింది. లోపలికి పరుగెత్తింది. మరుక్షణం గడియ చప్పుడైంది.

ఒక్క దూకులో వెళ్లి, స్విచ్చి కట్టేసి, చంటాణ్ణి ఎత్తుకుని వెనక్కి తిరిగాను.

గుమ్మం దగ్గర నిలబడి ఒక చేత్తో నా శాలువా అందిస్తోంది. రెండో చెయ్యి చెంపకి అడ్డం పెట్టుకుంది.